మునిరత్నం గారి కారు శ్రుతి

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద ఒక ప్రైవేటు వర్క్‌షాపులో వర్క్స్ మేనేజరుగా నాకది చివరి ఏడాది. మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. మా పద్ధతి ప్రకారం ఫిర్యాదు ముందు ఫోర్‌మన్ వింటాడు. ఆయనకు అంతుపట్టకపోతేనే నా దాకా వస్తుంది. ఆ రోజు ఆయన నవ్వు ఆపుకుంటూ వచ్చాడు. "నాదస్వరం ఆయన ఒకాయన వచ్చినాడు సార్. కారు శ్రుతిలో లేదంటాడు. మీరే సూడండి" అన్నాడు.

ఆయన పేరు మునిరత్నం. సొంత మేళం నడుపుతున్న విద్వాంసుడు, నిండైన మనిషి. "ఊర్లో తిరిగితే పిల్లి మాదిరి ఉంటాది సార్. హైవే ఎక్కితే ఒత్తు ఊదతా ఉండాది. చెవుల్లో దూది పెట్టుకున్నా గుండెల్లోకి వస్తా ఉండాది" అన్నాడు. ఒత్తు అంటే నాదస్వరం పక్కన శ్రుతి కోసం ఒకే స్వరం పట్టి ఊదే వాయిద్యం. కారు లోపల ఒకే స్వరంలో మోగే ఇలాంటి మోతను మా మెకానిక్కులు డ్రోన్ అంటారు. ఒత్తు అన్న మాటే నాకు ఎక్కువ నచ్చింది.

నవ్వులాటగా కనిపించినా ఆయన కష్టం నిజమే. ఆ మోత చెవిలో పెట్టుకుని దిగితే మొదటి స్వరం దాని మీదే పడుతోందట. గూడూరు పెళ్ళిలో అలాగే శ్రుతి తప్పి పరువు పోయింది. రాబోయే కాణిపాకం ముహూర్తంలోనూ తప్పితే, ఆ సీజనులో తన మేళాన్ని పిలిచే దిక్కుండదని ఆయన దిగులు.

కారు కిందికి దూరి చూశాను. కంపెనీ సైలెన్సర్ తీసేసి బయట కొన్న లావు గొట్టం సైలెన్సర్ బిగించారు. కొలిచి చూస్తే బయటి చప్పుడు చట్టం హద్దులోనే ఉంది, బాధంతా లోపలే. పాతది పెట్టించుకోమన్నాను. ఆయన గొంతు తగ్గించాడు. "మా అల్లుడు ముచ్చటపడి ఏయించినాడు సార్. మేళంలో డోలు వాయించేది వాడే. అలిగినాడంటే డోలు యాడ తెచ్చేది?" కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం!

రోడ్ టెస్టుకు చిత్తూరు హైవే మీద మామా అల్లుళ్ళను ఎక్కించుకుని వెళ్ళాను. వేగం అందుకోగానే మోత మొదలైంది. ఆ వేగంలో ఇంజను కొట్టే దరువుకు కారు లోపలి గాలి తోడై ఊగుతుంది, అంతే సంగతి. మాటలు వినబడటం లేదు. అద్దంలో వెనక సీట్లోని అల్లుడి పెదవులు కదులుతూ కనిపిస్తే, గోవింద నామాలు చదువుకుంటున్నాడనుకున్నాను.

దీనికి మందు, ఎగ్జాస్ట్ గొట్టానికి పక్కగా కొస మూసిన మరో గొట్టం వెల్డింగు చేయడం. అందులో దూరిన శబ్దం మూసిన కొసకు తగిలి వెనక్కొచ్చి, వెనకాలే వస్తున్న శబ్దాన్ని అణిచేస్తుంది. గొట్టం పొడవు మాత్రం ఆ మోత స్వరానికి సరిగ్గా సరిపోవాలి. ఈ మాట చెప్పడమే నా ఖర్మ.

"గొట్టం కోసి స్వరం కుదిర్చేదయితే అణిచేదెందుకు సార్? నా శ్రుతికే కోసేయండి! పోయేదారంతా సాధకం అయిపోతాది" అన్నాడు మునిరత్నం గారు.

వేగం మారితే స్వరం మారుతుందన్నాను. ఒకే స్పీడులో పోతామన్నాడు. మరి టోల్‌గేటు దగ్గరో అన్నాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "అయితే అణిచేయండప్పా" అన్నాడు.

అణిచేశాం. చివరి టెస్టుకు మేమిద్దరమే వెళ్ళాం. డోలుకు కొత్త తోలు వేయించడానికి అల్లుడు ఊళ్ళోకి పోయాడు. అదే వేగం, అదే రోడ్డు. మోత లేదు. ఆయన కళ్ళు మూసుకుని సన్నగా షడ్జం పట్టి, నా భుజం మీద ఒక్కటి చరిచాడు. స్టీరింగు వదిలేసేవాణ్ణే.

కాణిపాకం నుంచి ముహూర్తం అయిన వెంటనే ఫోన్ చేశాడు. "మొదటి స్వరమే నిలబడింది సార్, మానం దక్కింది!" నాకూ ప్రాణం లేచి వచ్చింది. తర్వాత గొంతు తగ్గింది. "ఒక్క తంటా. మోత పోయినాక, వెనక మా అల్లుడు పాడేది ఇనిపిస్తా ఉండాది. తిరుపతి నుంచీ ఈడిదాకా పాడినాడు. వాడికి తాళం ఉండాది గానీ శ్రుతి లేదు సార్. దూది పెట్టుకోబట్టి బతికినా. దానికేమన్నా గొట్టం ఉండాదా?"

లేదని చెప్పాను.

ఒక చప్పుడు తీసేస్తే దాని కింద అణిగి ఉన్నది బయటపడుతుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ కారు చివరి టెస్టుకైనా అందులో రోజూ కూర్చునేవాళ్ళందరినీ ఎక్కించుకునే వెళ్ళాను.