పాలపిట్ట పేర్లు

"ఈయప్ప ఎవురో నీకు తెల్సా?" అని ఆ రోజు ఊరిపెద్ద అడిగితే తెలియదన్నాను. తెలుసు. ఆయన మా మిద్దెమీద అద్దెకుండే సైన్సు అయ్యవారు. ఇన్నేళ్ళూ ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బళ్ళారి ఏ రాష్ట్రానిదన్న తగువు అప్పటికింకా చల్లారలేదు. పుస్తకం పట్టుకొని ఊళ్ళోకొచ్చినవాడు తెలుగిళ్ళెన్నో కన్నడిళ్ళెన్నో లెక్కరాసుకోవడానికే వచ్చాడని జనం అనుకునేవారు.

అయ్యవారు ఆదివారాలు చీకటితోనే సైకిలెక్కేవారు. పిట్టల్ని చూడడానికట. ఎవరు నమ్ముతారు? ఒకనాడు ఆయన స్నానానికి పోయినప్పుడు పుస్తకం తెరిచాను. పేజీకి రెండు గళ్ళు, ఒకదానిపైన 'తెలుగు', ఒకదానిపైన 'కన్నడం'. కింద ఊళ్ళ పేర్లు, గీతలు. మరుసటి ఆదివారం నేనూ వస్తానన్నాను. పిట్టల కోసం కాదు, ఆయన్ను కనిపెట్టి చూడడానికి.

తెల్లవారేసరికి జొన్నచేలు దాటి ఒక ఊరి పొలిమేర చేరాము. తంతి తీగమీద పాలపిట్ట ఉంది. అయ్యవారు దుర్భిణి నా చేతికిచ్చారు. అది ఎగరగానే రెక్కల నిండా నీలం. అక్కడి బావిలో నీళ్ళు చేదుతున్న ఇద్దరు ఆడవాళ్ళను, "దీన్ని మీరేమంటారమ్మా?" అని అడిగారు. ఒకామె పాలపిట్ట అంది. రెండో ఆమె కన్నడంలో నీలకంఠ అంది. రెండు గళ్ళలోనూ ఒక్కో గీత పెట్టుకొని చిన్నపిల్లాడిలా నవ్వారు. పిట్టల పేర్లు పోగుచేస్తున్నారు, అంతే. నా అనుమానం అక్కడే తీరిపోయింది.

ఇంతలో మగవాళ్ళు చుట్టుముట్టారు.

"ఏందప్పా, పొద్దున్నే మా ఇండ్లు లెక్కబెడ్తాండావా?"

"ఇండ్లు కాదప్పా, పిట్టలు."

"పిట్టల్ని లెక్కబెట్టేకి జీతమిస్తారా? నాక్కూడా ఇప్పీ, గొడ్లు కాసేది మానేస్తా!"

అందరూ నవ్వారు. ఊరిపెద్ద నవ్వలేదు. "పిట్ట పేరడిగి ఇంటి బాస కనుక్కుంటాండాడు," అని నావైపు తిరిగాడు. "నువ్వు బట్టలంగడోళ్ళ పిల్లోనివి కదా. ఈయప్ప ఎవురో నీకు తెల్సా?"

ఆ ఊరు ఊరంతా మా అంగడిలోనే బట్టలు కొనేది.

"నాకేం తెల్దప్పా. దోవలో కలిసినాడు."

అయ్యవారు నన్ను ఒక్కసారి చూశారు. వాళ్ళు ఆయన పుస్తకం లాక్కొని, పక్కింటి వాకిట్లో స్నానాల నీళ్ళు కాగుతున్న పొయ్యిలో వేశారు. మూడేళ్ళ ఆదివారాలు కాలిపోయాయి. ఆ వారంలోనే అయ్యవారు మా మిద్దెమీది గది ఖాళీచేశారు.

పదేళ్ళు దాటాక ఆయన బండ్రి అనే ఊళ్ళో ఉన్నారని తెలిసి బస్సెక్కాను. వాకిట్లో కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. నన్ను గుర్తుపట్టారు.

"అంగడి పనిమీద వచ్చినావా?"

"కాదు."

"మరేంటికి?" అంటూ ముందున్న పుస్తకాన్ని మెల్లగా తువ్వాలు కిందికి జరిపారు.

అనుమానపడడం ఇప్పుడు ఆయన వంతు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"ఆ పొద్దు మీరెవురో, ఏం రాసుకుంటాండారో నాకు తెలుసు, ఐవారూ. తెల్సీ తెల్దన్నా. తప్పు నాదే. క్షమించండి."