తాతాజీ కుడిచెయ్యి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ వడ్డించేవాడి చెయ్యి వాడి మాటే వినకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తాతాజీ ముప్పై ఏళ్లుగా భీమవరం చుట్టుపక్కల పెళ్లిళ్లలో వడ్డన చేస్తున్నాడు. బఫేల కాలం వచ్చినా కొందరు రాజులకి ఆకు వేసి, కూర్చోబెట్టి పెడితేనే భోజనం. వాళ్ల పుణ్యాన అతనికింకా పని ఉంది. ఆ పనికి పద్ధతులు చాలా. ఆకు కొస తినేవాళ్ల ఎడంచేతి వైపు ఉండాలి. గరిటె కుడిచేతిలోనే ఉండాలి. "చాలా అండి?" అని అడిగినవాడు వడ్డనకి పనికిరాడు, "ఇంకొంచెం వేయించుకోండి" అనాలి. బంతిలో పెద్దవాళ్లు లేచేదాకా ఎవరూ లేవకూడదు, వాళ్లు లేచాక ఎవరూ కూర్చోకూడదు. మా వైపు జనం తిన్న భోజనాన్ని మరిచిపోతారు గాని జరిగిన లోపాన్ని పదేళ్లు చెప్పుకుంటారు.

ఆ ఏడు సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి అతని కుడిచెయ్యి వణుకుతోంది. ముందుగా కనిపెట్టింది భార్య నూకరత్నం.

"టీ అంతా చొక్కా మీదే పోసుకుంటున్నావు. డాక్టరుగారికి చూపించుకోవయ్యా," అంది.

"నిద్ర చాల్లేదు, అంతే," అన్నాడు.

నిజం ఒప్పుకోవడానికి భయం. వణుకు బయటపడితే పని పోతుంది. యాభై ఆరేళ్లొచ్చాయి, వడ్డన తప్ప ఇంకోటి చేతకాదు. అందుకని పప్పూ కూరా తను పట్టుకుని, పులుసూ రసం పక్కవాళ్లకి అంటగట్టేవాడు.

ఆ ఆదివారం భద్రిరాజు గారి మనవరాలి నిశ్చితార్థం. వడ్డనకి ఇద్దరు రాలేదు. కేటరింగ్ యజమాని గణేష్‌బాబు పొగలు కక్కుతున్న పులుసు బకెట్ తెచ్చి తాతాజీ చేతికిచ్చాడు.

"మొదటి బంతి పెద్దవాళ్లది తాతాజీ. నువ్వు తిరిగితే నాకు బెంగుండదు."

కాదంటే తాతాజీ కారణం చెప్పాలి. మోచేతిని డొక్కకి నొక్కిపెట్టుకుని నడిచాడు. గరిటె బకెట్ అంచుకి టకటకా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు హాలంతా వింటోందనిపించింది. ఒక ఆకు గడిచింది, రెండో ఆకు గడిచింది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకునే వీల్లేదు.

పదకొండో ఆకు భద్రిరాజు గారిది. ఎనభై ఏళ్ల మనిషి. ఒక గరిటె పడగానే చాలన్నట్టు ఎడంచెయ్యి అడ్డం పెట్టారు. తాతాజీ ఆగాలనే అనుకున్నాడు. చెయ్యి ఆగలేదు. రెండో గరిటె పులుసు ఆయన ముంజేతి మీద పడింది.

ఆయన కేక వెయ్యలేదు. పెదవి బిగించి, చేతిని కండువా కింద దాచుకున్నారు. తను లేస్తే బంతంతా లేవాలి. నిశ్చితార్థం రోజున వియ్యాలవారు సగం తిన్న ఆకుల ముందు నుంచి లేచిపోవాలి. అందుకని కూర్చుని, పెరుగన్నం దాకా తిన్నారు.

ఆ పావుగంటా తాతాజీ జరగబోయేదే తలుచుకున్నాడు. ఆయన లేవగానే గణేష్‌బాబుని పిలుస్తారు, నలుగురిలో అడుగుతారు, ఇక భీమవరంలో తనని ఎవరూ పిలవరు.

భద్రిరాజు గారు లేచారు. చేతులు కడుక్కునే చోట కొడుకు ఆయన ముంజేతి మీది బొబ్బలు చూసి అదిరిపడ్డాడు.

"ఇదేంటి నాన్నగారూ! ఎవడు పోశాడు?"

"ఎవరూ కాదురా. చూసుకోకుండా నేనే ఒంపుకున్నాను," అన్నారాయన. తాతాజీ వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయారు.

బతికిపోయాడు. ఎవరికీ తెలియలేదు, ఇక తెలియదు కూడా. అయినా వణుకు తగ్గకపోగా మోచేతిదాకా పాకింది.

రెండో బంతి వేశారు. ఈసారి పిల్లలు. గణేష్‌బాబు అప్పుడే పొయ్యి మీంచి దించిన రసం బకెట్ అందించాడు. తాతాజీ పట్టుకుని మొదటి ఆకు దాకా వెళ్లాడు. అక్కడ ఆరేళ్ల పిల్ల కూర్చుంది. బల్ల పైకి దాని మొహం ఒక్కటే కనిపిస్తోంది.

"నాకు బోలెడు వెయ్యండి," అని మొహం ముందుకు చాపింది.

తాతాజీ బకెట్ కింద పెట్టేశాడు.

"ఏమైంది తాతాజీ?" అంటూ గణేష్‌బాబు పరుగెత్తుకొచ్చాడు.

"రాజుగారి చెయ్యి కాల్చింది నేనేనండి," అన్నాడు తాతాజీ, హాల్లో అందరికీ వినపడేలా. "ఇంక నాచేత వడ్డన చేయించకండి."