అడుగున వదిలిన కన్నం

ఆటోనగర్‌లో దేవకుమార్ పేరెత్తితే ఇప్పటికీ కొందరు పెదవి విరుస్తారు. "ఆ ముక్కు జరిపినోడేనా?" అంటారు. అలా అనేవాళ్ళలో చాలామంది అతని పని కళ్ళతో చూసినవాళ్ళు కారు. నేను చూశాను. అతని షెడ్డుకూ నా స్పేర్‌పార్టుల కొట్టుకూ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. అటు అతను సమ్మెట వేస్తే ఇటు నా అలమరలో బేరింగులు గలగలలాడేవి. కాబట్టి అతని గురించి మాట్లాడే హక్కు వాళ్ళకన్నా శ్రీరామ్మూర్తి అనే నాకే ఎక్కువ ఉంది.

దేవకుమార్ తండ్రి రేవులో క్రేను నడిపేవాడు. కొడుకుని కూడా రేవులోనే పెట్టించాలని చూశాడు గానీ కుదరలేదు. డెబ్బైల్లో కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఒక గ్యారేజీలో చేరి, ఇనుప రజను దుమ్ము మింగుతూ పని నేర్చుకున్నాడు. స్టీలు ప్లాంటు కట్టడం మొదలై కంట్రాక్టర్ల జీపులు గాజువాక చుట్టూ ఈగల్లా ముసిరాక, ఇటు వచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాడు.

నిదానస్తుడు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండేది. పార్టీ వచ్చి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నా, బిగించిన నట్టునే మళ్ళీ తడిమి చూసేవాడు. బండి అప్పగించే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. చర్చిలో పాడే అతని గొంతును మాత్రం ఆ దేవుడు కూడా ఓర్చుకోవలసిందే. నేను ఆ మాటే అంటే నవ్వేవాడు. ఆ నవ్వు కూడా నిదానంగానే వచ్చేది.

ఎనభై రెండు ప్రాంతంలో యారాడ నుంచి పోలిరాజు ఒక పాత మిలిటరీ జీపు తోలుకొచ్చాడు. డిస్పోజల్ వేలంలో ఊరంతా కలిసి కొనుక్కున్న బండి. అంతవరకూ ఆ ఊరి ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని కొండ దాటేవారు. ఇక జీపు దాటిస్తుందనుకున్నారు. తీరా చూస్తే అది ఇసుకలోంచి రోడ్డు మిట్టే ఎక్కడం లేదు.

"బంపరు ఎల్లి నేలలో గుచ్చుకుపోతంది బావా," అన్నాడు పోలిరాజు. "సక్రం తగలకముందే ముక్కు తగుల్తంది. ఏటి సేత్తావో సెయ్యి."

దేవకుమార్ బండి చుట్టూ తిరిగాడు. కింద పడుకుని చూశాడు. బయటికొచ్చి బీడీ వెలిగించుకున్నాడు.

"సక్రాలే ముందుకెల్లాలి. ముక్కుకన్నా ముందు ఆటికే మిట్ట తగలాలి," అన్నాడు.

చెప్పినంత తేలిక కాదు ఆ పని. ముందు యాక్సిల్‌ను నాలుగు వేళ్ళ మేర జరపాలంటే దాన్ని మోసే కమాన్ కట్టలు కూడా జరగాలి. వాటిని పట్టుకోవడానికి ఛాసిస్ కొసలు చాలవు. అందుకని మందపు రేకుతో పెట్టెల్లాంటివి రెండు చేసి, రెండు కొసలకూ వెల్డింగ్‌తో అతికించాడు. ఛాసిస్ కొసలు ఆ పెట్టెల్లోకి దూరి ఉండేలా చేశాడు. స్టీరింగ్ రాడ్డు కొత్తగా చేశాడు. ముందు చక్రాలకు తిరుగుడు అందించే షాఫ్టు పొడుగు చేయించాడు. బ్రేకు గొట్టాలు మార్చాడు. అన్నీ అయ్యాక, ఆ రెండు పెట్టెల అడుగునా చెరో చిన్న కన్నం తొలిచాడు. పైన బోల్టుల సందుల్లోంచి ఎంత కాదన్నా నీళ్ళు దిగుతాయి. దిగిన నీళ్ళు నిలవకుండా కింద నుంచి కారిపోవాలి. ఇనుము పని తెలిసినవాడు ఎవడైనా అదే చేస్తాడు. ఎందుకు చేశావని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

బండి అప్పగించడానికి యారాడ వెళ్తూ నన్ను కూడా ఎక్కించుకున్నాడు. పోలిరాజు ఇసుకలోంచి మిట్ట మీదికి ఒక్క ఊపున ఎక్కించేసరికి ఒడ్డున ఉన్న జనం ఈలలు వేశారు. పోలిరాజు తల్లి పోతమ్మ కొత్త నావకు చేసినట్టే బంపరుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టింది. తర్వాత వంగి, బండి అడుగునంతా అరచేత్తో తడిమింది.

ఆమెకు అది అలవాటు. భర్త ఎక్కిన నావకు అడుగున నీరు ఊరి, అతను నడిసముద్రంలోనే పోయాడు. అప్పటినుంచి కొడుకు నావకు సందులు మూసే పని ఆమె ఇంకెవరికీ ఇవ్వలేదు. కొబ్బరి పీచు దూర్చి, తారు పూసి, వేలితో నొక్కి చూసుకునేది. ఊళ్ళోవాళ్ళు కూడా తమ నావలు ఆమెకే చూపించుకునేవారు. ఇదంతా పోలిరాజే మాకు గొప్పగా చెప్పాడు. మేం ఆమె వండిన చేపల పులుసు తిని, మంచి మాటలు చెప్పుకుని వచ్చేశాం.

జీపు రెండేళ్ళు బాగానే తిరిగింది. కొండ దాటి వచ్చినప్పుడల్లా పోలిరాజు షెడ్డు ముందు ఆపి, చేపలో రొయ్యలో ఆకులో చుట్టి ఇచ్చి పోయేవాడు. దేవకుమార్ భార్య విమలమ్మ ఆ వంటలో నాకూ ఒక గిన్నె పంపేది. యారాడ జీపు చూసి దువ్వాడ నుంచి, ఇంకా అవతల నుంచి కూడా బళ్ళు వచ్చేవి. అతని షెడ్డు ముందు ఎప్పుడూ ఏదో ఒక జీపు మూతి విప్పుకుని ఉండేది.

ఒక వానాకాలం పొద్దున్న, గంపల లోడుతో కొండ మలుపు తిరుగుతుండగా జీపు ముందు ఎడమ పక్క ఊడిపోయింది. యాక్సిల్ వెనక్కి జారి, స్టీరింగ్ పట్టు తప్పి, బండి లోయలో పడింది. పోలిరాజు అక్కడే పోయాడు. ఆ కబురు తెచ్చిన లారీ డ్రైవర్ ముందు దేవకుమార్ చేతిలో స్పానర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు.

తుక్కుగా మారిన జీపును లారీ వెనక కట్టి తెచ్చి అతని షెడ్డులోనే పడేశారు. దేవకుమార్ దాని కింద దూరి చాలాసేపు పైకి లేవలేదు. నేను కూడా వంగి చూశాను. అతను వేసిన అతుకు వేసినట్టే ఉంది. అతుకు లోపల ఉన్న ఛాసిస్ ఇనుమునే తుప్పు తినేసి, అది పొరలు పొరలుగా రాలుతోంది. పెట్టె లోపలంతా తుప్పు బురద. వేలు పెట్టి చూస్తే ఉప్పు గరగరలాడింది.

"కారిపోవాలి గదా నీరు," అన్నాను నేను. "కన్నం ఏటైంది?"

అతను స్క్రూడ్రైవర్ మొనతో అడుగున గీకాడు. కన్నం ఉండాల్సిన చోట నల్లటి బిరడా ఒకటి గట్టిగా కూరుకుని ఉంది. కొబ్బరి పీచు, దాని మీద తారు, తారు మీద బొటనవేలు నొక్కిన గుర్తు.

మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. కొడుకు ఎక్కే బండికి అడుగున కన్నం కనిపిస్తే ఆ తల్లి వదులుతుందా? నీచు పోవాలని రోజూ ఆ బండిని సముద్రపు నీళ్ళతోనే కడిగేవారు. కొండ మీది నుంచి మోసుకొచ్చే మంచినీళ్ళు తాగడానికే చాలని ఊరు అది. పైనుంచి దిగిన ఉప్పునీరు దిగినట్టే లోపల నిలిచిపోయింది.

"నీ తప్పు కాదు బావా," అన్నాను. నిజం చెప్పొద్దూ, అంత దుఃఖంలోనూ నాకు ఊరట కలిగింది. "ఇది పట్టుకెల్లి ఆల ఊరి పెద్దకి సూపించు."

"సూపిత్తే?"

"నీ పేరు నిలుస్తాది."

"ఆవిడ నిలవదు," అన్నాడు దేవకుమార్. "మొగుడు నీరు లోనికొచ్చి పోయాడు. కొడుకు నీరు బయటికెల్లక పోయాడు, అది నీ సేత్తోనే జరిగిందని ఆవిడకి సెప్పమంటావా?"

"మరి నీ బతుకో?"

"కన్నం ఎందుకెట్టానో నాను సెప్పాల్సింది. నీకు సెప్పక్కర్లేదు. నావ మీద బతికేవోలకి సెప్పాలి. సెప్పలేదు."

బిరడాను కొలిమిలో పడేశాడు. తారు భగ్గుమని, ఆ వాసన నా కొట్టులోకి కూడా వచ్చింది.

ఆ వారంలోనే యారాడ ఊరి పెద్ద, గురువులు అనే ఆయన, వచ్చాడు. గొడవకు రాలేదు. తువ్వాలు భుజం మీద వేసుకుని, గుమ్మం బయటే నిలబడి అడిగాడు.

"నీ అతుకు ఊడిపోనాదా బాబూ?"

నేను నోరు తెరిచాను. దేవకుమార్ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు ఎంత గట్టిదో నాకే తెలుసు.

"నా పనిలోనే తప్పుంది. నాదే," అన్నాడు.

గురువులు అతని మొహంలోకి చూసి, తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కానీ ఆ ఒక్క మాట చాలు. గురువులు గాజువాక దాటకముందే అది ఊరంతా పాకింది. వరసలో ఉన్న బళ్ళు ఒక్కొక్కటే తోలుకుపోయారు. జరిపింది చక్రాలనైనా, ఎవడో మహానుభావుడు అతనికి "ముక్కు జరిపినోడు" అని పేరు పెట్టాడు. చర్చిలో కూడా విమలమ్మ పక్కన కూర్చోవడానికి కొందరు జంకారట. ఆమె నా దగ్గరికి వచ్చి, "నిజంగా ఈయన తప్పేనా అన్నయ్యా?" అని అడిగింది. చెప్పనని అతనికి మాటిచ్చి ఉన్నాను. తల అటు తిప్పుకున్నాను. అతని మీద ఆ రోజు వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు. మంచితనం ఉండొచ్చు, భార్యకు కూడా చెప్పుకోని మంచితనం ఏం మంచితనం?

అతను మళ్ళీ బండి కింద పడుకోలేదు. కిటికీ ఊచలు, గేట్లు, గాడుపుకు ఎగిరిన రేకులకు అతుకులు. అలాంటి పనులతో ఏళ్ళు గడిచాయి. మనిషి సన్నబడ్డాడు. దగ్గు పట్టుకుంది. పాట మానేశాడు. అన్నాళ్ళు వెక్కిరించిన ఆ గొంతు వినబడకపోతే నా కొట్టు బావురుమనేది.

ఎనభై ఏడులో, క్రిస్మస్ దాటాక, పోతమ్మ వచ్చింది. నేను దేవకుమార్ షెడ్డులోనే టీ తాగుతున్నాను. చిక్కిపోయి, కర్ర ఊతంతో నిలబడిన మనిషిని మొదట గుర్తుపట్టలేదు. ఆమె వెంట ఎవరూ లేరు. కొంగులోంచి ఎండుచేపల మూట తీసి అతని బల్ల మీద పెట్టింది.

"కూకోనమ్మా," అని దేవకుమార్ స్టూలు జరిపాడు.

"నీ మీద కోపం ఒగ్గేసాను బాబూ," అంది కూర్చుంటూ. "గురువులు సెప్పినాడు, తప్పు నీదేనన్నావంట. దాచుకోనేదు నువ్వు. ఆ మాటకే ఒగ్గేసాను."

దేవకుమార్ తల వంచుకున్నాడు. క్షమించడానికి ఈవిడ కొండ దాటి వచ్చింది. తీసుకోవడానికి అతను తల వంచాడు. లేచి అరవాలనిపించింది. గ్లాసు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఆమె ఇంకా లేవలేదు. కర్రను ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంది.

"ఒకటి అడుగుతాను, నిజం సెప్పు. ఇన్నేళ్ళూ లోన పీకతానే ఉంది. నీ పనిలో అడుగున కన్నాలు ఒగ్గేసినావు. నువ్వు మర్సిపోయావనుకుని నానే మూసినాను, పీసెట్టి, తారెట్టి. కల్లు సరిగ్గా ఆనవు గదా నాకు. సరిగ్గా మూయనేదేటో, నీల్లు దూరి అలగైపోనాదేటో అని."

దేవకుమార్ స్టూలు ముందు గొంతుక్కూర్చుని ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"గట్టిగానే మూసినావమ్మా," అన్నాడు. "ఒక్క సుక్క కూడా దాటనేదు."

ముసలమ్మ కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. అతని తల మీద చెయ్యి పెట్టి, కర్ర ఊతంతో లేచి, బస్సు వేళవుతోందని వెళ్ళిపోయింది.