సారు ఎంచిన నీళ్లు

నెల కింద ఒక మంగళవారం పొద్దున నర్మెట్ట నుంచి ఫోన్. "మీ సారు పోయిండు బిడ్డా" అన్నది ఆయన భార్య. గుండెపోటు. నాకు నీళ్ల అడుగున ఊపిరి తీసుకునుడు నేర్పిన మనిషి, ఇంట్ల మంచం మీదనే పోయిండు.

సారు చాన ఏండ్లు సముద్రంల మునిగిన ఓడల దగ్గర డైవర్‌గ పనిచేసి సొంతూరికి వచ్చిండు. నాది పెద్దవంగర దగ్గర తండా. బాయిల ఈత నేర్చిన. లోతుకు దిగుడు నేర్పుమంటే ఆయన నవ్వలేదు. "ముందుగాల జాగ వెతుకుదాం పా" అన్నడు.

ఎండకాలమంతా ఆయన స్కూటర్ మీద తిరిగినం. ఏ నీళ్ల దగ్గరికి పోయినా అక్కడి గొర్లకాపరులను అడిగేటోడు, లోపల ఏమేం పడ్డయని. కాటారం దిక్కు ఒక గుంట నాకు మస్తు నచ్చింది.

"బాగ లోతుంది సార్."

"లోతు సంగతి తర్వాత. దవాఖాన ఎంత దూరం, గది చెప్పు" అని స్కూటర్ తిప్పిండు. ఉత్త చాదస్తం అనుకున్న.

చివరికి నర్మెట్ట పక్కన పాడువడ్డ రాళ్ల క్వారీ కుదిరింది. పాత లారీ క్యాబిన్‌ను క్రేన్‌తోటి అడుగుకు దింపి, "గిదే మన ఓడ" అన్నడు. దాని తలుపుల్ల నుంచి దూరుడు, మధ్యమధ్యల ఆగుకుంట మెల్లగ పైకొచ్చుడు రెండేండ్లు నేర్పిండు.

పోయినేడు నిజం ఓడ దగ్గరికి తీస్కపోయిండు. సముద్రం అడుగున, ఇంజను గది తలుపు ముందల, బొటనవేలు పైకెత్తిండు. మా డైవర్లకు అది 'పైకి పోదాం' అని సైగ. పడవెక్కినంక నాకు ఏడుపు ఆగలే.

"నేనేం తప్పు చేసిన సార్?"

"నీ తప్పేం లేదు బిడ్డా. నాకే భయమైంది." ఆయన మాస్కు తీసి పక్కన పెట్టిండు. "ఎన్కట గిట్లనే భయమైతే, సిగ్గువడి చెప్పలే. నాతోటి దిగిన జోడీ లోపలనే ఉండిపోయిండు."

ఆ ముచ్చట మళ్లెన్నడూ ఎత్తలే. నేర్పేటోడు నేర్చుకునేదాని ముందల భయమైందని ఒప్పుకునుడు ఎంత కష్టమో, ఇప్పుడిప్పుడే తెలుస్తున్నది.

దినాలు అయినంక క్వారీకి పోయిన. సిలిండర్లు ఒడ్డుకు మోసిన, సూటు తొడుక్కున్న. కని జోడీ లేకుంట ఒక్కదాన్ని దిగొద్దు. ఈ చుట్టుపక్కల నాతోటి దిగేటోళ్లు ఇంకెవరూ లేరు. రాయి మీద కూసున్న. ఎదురుంగ ఒక లకుముకిపిట్ట నీళ్లల్ల దుమికి, లేచి, అవతలి రాతి మీద వాలి రెక్కలు దులుపుకున్నది. అది దుమికిన కాడ పుట్టిన అల మెల్లగ నా పాదాల దాక వచ్చింది.