ఎక్స్‌రేలో పడిన మచ్చ

నా భార్య దగ్గు వింటే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే భయం వేస్తుంది. గల్ఫ్‌లో ఉన్నన్ని రోజులూ ఆ దగ్గును ఫోన్‌లో వినేవాణ్ణి. మాట మధ్యలో ఖళ్లుఖళ్లున దగ్గి, "ఏం లేదు, దుమ్ము" అనేది. ఇంట్లో బీడీలు చుడుతుంది కనుక పొగాకు దుమ్మే అయి ఉంటుందని నేనూ సరిపెట్టుకున్నాను. సెలవు మీద ఇంటికి వచ్చి చూస్తే అది ఫోన్‌లో విన్నంత చిన్న దగ్గు కాదు. నడుం వాలిస్తే చాలు, లేచి మంచం పట్టె పట్టుకుని కూర్చునేది. దవాఖానకు పోదామంటే రేపు అనేది. ఆ రేపు వస్తే బీడీల చాట ఒళ్లో పెట్టుకునేది. నేను తిరిగి వెళ్లడానికి వారం ఉందనగా, ఒకరోజు పొద్దున్నే గట్టిగా అరిచాను. అరిస్తే తప్ప మా ఇంట్లో ఏ పనీ కాదు.

"లే, కోరుట్లకు పోదాం. ఇయ్యాల రాకుంటె నేను అన్నం ముట్ట."

"ముట్టకు. బియ్యం మిగుల్తయి" అంది. అంటూనే లేచి చీర మార్చుకుంది.

మా ఊరు రాయికల్ పక్కనే. బడికి సెలవులు కావడంతో బిడ్డను మా అవ్వ దగ్గర వదిలి బస్సెక్కాం. కండక్టర్ వస్తే ఆమె ఆధార్ కార్డు చూపించి, "నాకు ఫ్రీ. ఈయనకు కొట్టు టికెట్, గల్ఫ్ నుంచి వచ్చిండు" అంది. వెనక సీటులోని ఆడవాళ్లు నవ్వారు. పొద్దున్నే అంత హుషారుగా ఉంది.

కోరుట్లలో ఊపిరితిత్తుల డాక్టరు ముందు ఎక్స్‌రే తీయించుకుని రమ్మన్నాడు. ఎక్స్‌రే గది ముందు పెద్ద గుంపు. తీసే అతను లోపలి నుంచే కేకేశాడు, "మెడల ఉన్న బంగారం తీసి పెట్టుండ్రి." ఆమె నన్ను మూలకు పిలిచి, చీర చెంగు అడ్డం పెట్టుకుని, బొడ్లోంచి ఒక దారం తీసింది. దారానికి పసుపు కొమ్ము కట్టి ఉంది. ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వచ్చింది. ముందు దాన్ని మెడలో కట్టుకుని, ఆ తర్వాత పుస్తెలతాడు తీసి నా చేతిలో పెట్టింది. మా దగ్గర భర్త ఉన్న ఆడది ఒక్క క్షణం కూడా ఉత్త మెడతో ఉండదు. పుస్తె తెగినా, తాకట్టుకు పోయినా పసుపు కొమ్ము కట్టుకోవాల్సిందే. నాకు అందులో వింతేమీ కనబడలేదు. పుస్తెలతాడు జేబులో వేసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎక్స్‌రే అతను కూడా మెడలోని పచ్చదారం చూసి, దారమే కదా అనుకున్నట్టున్నాడు, ఏమీ అనలేదు.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. కుడిపక్కన వేలెడంత మసక ఉంది. అది నాకు కూడా కనిపించింది.

"మచ్చ లెక్క ఉన్నది. ఏందనేది స్కాన్ తీస్తెనే తెలుస్తది. జగిత్యాలకు పోయి ఇయ్యాలనే తీపిచ్చుకోండ్రి" అన్నాడు.

"భయమా సార్?" అన్నాను.

"చూసినంక మాట్లాడుకుందాం."

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, నేను జగిత్యాల బస్సు కోసం గబగబా నడుస్తున్నాను. ఆమె మాత్రం, జగిత్యాలలో మళ్లీ తీయాల్సిందే కదా అని పుస్తెలతాడును నా జేబులోనే ఉంచి, బస్టాండుకు పోయే దారిలో ఒక దుకాణం ముందు ఆగి, బిడ్డకు బడి సంచి, చెప్పులు బేరం చేయడం మొదలుపెట్టింది. బడి తెరవడానికి ఇంకా ఎన్నో రోజులున్నాయి.

"ఇప్పుడే ఎందుకే?"

"వచ్చినం కద, పనైపోతది" అని, దుకాణం అతనితో "అన్నా, గీ చెప్పులల్ల ఒక సైజు పెద్దది ఇయ్యి" అంది.

సంచి నా భుజానికి తగిలించి మరో మాట చెప్పింది. "జగిత్యాల పనైనంక సిరిసిల్లకు పోదాం. చెల్లెను సూడాలె."

"గీ ఎండలనా? నీకు మతి ఉన్నదా?"

"ఉన్నది. గందుకే అంటున్న."

ఎదురు మాట్లాడబోయి ఆగిపోయాను. ఎక్స్‌రేలో మచ్చ ఉన్న మనిషి మీద ఎట్లా అరుస్తాం? జగిత్యాల దాకా బస్సులో, తెలిసిన దేవుళ్లందరికీ మనసులోనే మొక్కాను. కొండగట్టుకు నడిచి వస్తానన్నాను, వేములవాడలో కోడెను కడతానన్నాను. ఆమె లేని ఇల్లు ఒక్కసారి కళ్లముందుకు వచ్చింది, వెంటనే కిటికీలోంచి బయటికి చూశాను.

స్కానింగ్ సెంటర్లో కూర్చోవడానికి జాగా లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ వేడిగాలే కొడుతున్నాయి. ఆమెను ఒక బెంచీ చివర కూర్చోబెట్టి మజ్జిగకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఫోన్ పెట్టేస్తోంది. కళ్లు తుడుచుకుని, "చెల్లెతోని మాట్లాడిన. వస్తున్నమని చెప్పిన" అంది. గ్లాసు అందుకుని సగం తాగి, మిగతా సగం నాకిచ్చింది.

చివరికి ఆమెను లోపలికి పిలిచారు. తలుపు వేసుకున్న కాసేపటికే స్కాన్ చేసే అమ్మాయి బయటికి వచ్చింది. చేతిలో కోరుట్ల ఎక్స్‌రే ఉంది.

"ఈమె ఎవరి మనిషి?"

"నా మనిషే" అంటూ లేచాను.

"పొద్దుగాల ఎక్స్‌రే తీసినప్పుడు మెడల గీ పసుపు కొమ్ము ఉండెనా?"

నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి, ఆస్పత్రి గౌనులో, నా భార్య తొంగిచూసింది. "ఉండె. ఉత్త మెడతోని ఎట్ల ఉంట?"

ఆ అమ్మాయి నెత్తి కొట్టుకుని, లోపలున్న డాక్టరమ్మను పిలిచింది. ఆమె ఫిల్మును చూసింది, పసుపు కొమ్మును చూసింది, "స్కాన్ ఆపండి. ముందు మెడల అది లేకుండ ఇంకోసారి ఎక్స్‌రే తీద్దాం" అంది.

నాకు కోపం కట్టలు తెంచుకుంది. "నేను గిట్ల గుండ్రాయి లెక్క నీ ముంగటనే ఉన్న కదనే! ఒక్క నిమిషం తీస్తె నాకేమైతది?"

"ఇయ్యాల ముంగట ఉన్నవు. వారమైతె మళ్ల ఇమానం ఎక్కుతవు కద" అంది మెల్లగా. అక్కడున్న వాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. ఆమె దారం విప్పి నా అరచేతిలో పెట్టి, "కింద వెట్టకు. గట్టిగ పట్టుకో" అని లోపలికి వెళ్లింది. జేబులో పుస్తెలు, పిడికిట్లో పసుపు కొమ్ము పట్టుకుని, ఆ వరండాలో నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.

రెండో ఎక్స్‌రేలో మచ్చ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, మా ఎలుక పచ్చగా కూడా ఉంది. స్కాన్ అక్కర్లేదని చెప్పి, దగ్గు పొగాకు దుమ్ముతో వచ్చిందేనని, మందులు రాసి, బీడీలు మానేయమంది డాక్టరమ్మ. "సరే మేడం" అంది నా భార్య. ఆ సరే ఎంత నిజమో నాకు తెలుసు. బయటికి వచ్చి పుస్తెలతాడు మెడలో వేసుకుని కళ్లకద్దుకుంది. ఇద్దరికీ ఒక్కసారే ఆకలి గుర్తొచ్చింది. ఎదురు హోటల్లో పూరీలు తిన్నాం. ఒక మనిషి తినడం చూస్తే కడుపు నిండుతుందని మా అవ్వ అంటుంది కానీ, నేను ఎప్పుడూ నమ్మలేదు. ఆ రోజు నమ్మాను.

ఇక ఇంటికి పోదామన్నాను. "చెల్లె ఎదురుసూస్తది" అంది. మంచి కబురు చెబుదామని ఫోన్ చేస్తే చెల్లెలు ఎత్తలేదు. మరమగ్గాల చప్పుడులో వాళ్లకు ఫోన్ వినబడదు. సరేనని సిరిసిల్ల దారి పట్టాం. వేములవాడ దాటేదాకా ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అన్ని రోజుల్లో దగ్గకుండా నిద్రపోవడం అదే మొదటిసారి.

మరదలు ఉండేది రెండు గదుల ఇల్లు. పక్క షెడ్డులోనే ఆమె భర్త మగ్గాలు నడుపుతాడు. నా భార్య పిల్లలకు అరటిపండ్లు కొంటానని వీధి చివర ఆగింది. నేను ముందు నడిచాను. నన్ను ఒక్కణ్ణే గడపలో చూసి మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"బావా, నువ్వు రంధి వెట్టుకోకు. బిడ్డను నేను సూసుకుంట. నా ఇద్దర్ల మూడోది. అక్కను దవాఖాన్లకు నేనే తిప్పుత. నువ్వు టికెట్ ఖరాబు చేస్కోకు, నిమ్మలంగ పో."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఎవరన్నరు గిట్లని?"

"అక్కనే. ఫోన్ల ఏడ్సింది. మచ్చ ఏదన్న కానియ్యి, మీ బావ మాత్రం ఆగద్దన్నది. బిడ్డను నా దగ్గర ఉంచుకుంటనని నాతోని ఒట్టు వేయించుకున్నది. నీకు చెప్పద్దన్నది కని, నా పానం ఆగుతలేదు."

అప్పుడే నా భార్య అరటిపండ్లతో లోపలికి వచ్చింది. ఆమె మొహం చూసి మరదలు ఆగిపోయింది. నేనే జరిగింది చెప్పాను. మరదలు ఏడుస్తూనే నవ్వుతూ అక్క వీపు మీద ఒక్కటి వేసింది. "నీ నోట్ల మన్నువడ! పసుపు కొమ్ముతోని మా పానాలు తీస్తివి గదనే!" ఇద్దరూ కావలించుకున్నారు. నేను నీళ్లు తాగే సాకుతో బయటికి వచ్చి షెడ్డు గోడ పక్కన నిలబడ్డాను. నా గురించీ, నా బిడ్డ గురించీ, నేను మజ్జిగ కోసం పోయిన ఆ కాసేపట్లో అంతా తేలిపోయింది. నన్ను అడిగిన వాళ్లు లేరు. కోపం కూడా రాలేదు.

సాయంత్రం సిరిసిల్ల బస్టాండులో బస్సు కోసం కూర్చున్నాం. ఎండ తగ్గింది కానీ సిమెంటు బల్ల ఇంకా కాలుతోంది.

"నిజంగ మచ్చే అయితె, నిన్ను గట్ల వదిలి నేను పోతననుకున్నవా?"

ఆమె బిడ్డ చెప్పులను సంచిలో సర్దుతూ నావైపు చూడకుండానే చెప్పింది. "నేను పోతె ఒక్కదాన్నే పోత. నువ్వు ఆగితె ముగ్గురం మునుగుతం."

"నన్ను ఒక్క మాట అడగచ్చు కదనే."

"అడిగితె ఆగుతనంటవని నాకు ఎరుకనే" అంది. "గందుకే అడగలే."