వదిలిపోని పెళ్ళాం మీద పదకొండు పాటలు

పాటగాడు హోయట్ ప్రూయిట్ రికార్డులో పన్నెండు పాటలు. పదకొండింటిలో పెళ్ళాం అతన్ని వదిలేసి పోతుంది. పన్నెండోది దేవుడి పాట, అందులోనూ ఆమె ఊసు వస్తుంది. టెక్సస్‌లో డాన్సు హాలున్న ప్రతి ఊళ్ళోనూ మొగవాళ్ళు ఆ పాటలు విని బీరు గ్లాసుల్లోకి కన్నీళ్ళు కార్చారు, వెంటనే లేచి ఆడవాళ్ళని పట్టుకుని గిరగిరా తిరిగారు.

అతని వెనక కూర్చుని స్టీల్ గిటార్ వాయించేవాణ్ణి కాబట్టి నిజం నాకు తెలుసు. అతని పెళ్ళాం ఒలీటా ఒక్క పూట కూడా అతన్ని వదిలి ఉండలేదు. ఆ మహానుభావుడి చొక్కాలకి గంజి పెట్టేది, కారు నడిపేది, హాలు గుమ్మంలో బల్ల వేసుకుని అవే రికార్డులు అమ్మేది.

"ఇంత బంగారంలాంటి మనిషిని ఎలా వదిలిందమ్మా ఆ దిక్కుమాలింది?" అని కొనేవాళ్ళు ఆమెనే అడిగేవాళ్ళు.

"ఏమోనండీ," అని రికార్డు కాగితంలో చుట్టి ఇచ్చేది.

సిగ్గులేని వెధవ, పాటలో ఆమె పేరు కూడా పెట్టాడు. రాగానికి బాగా కుదిరిందట. ఆ పేరే కొంప ముంచింది. ఆమె పుట్టినూళ్ళో ఒలీటా అంటే ఒక్కతే. తల్లి చర్చిలో వెనక బెంచీకి మారింది, తర్వాత వెళ్ళడమే మానేసింది. కూతురు ఎన్ని ఉత్తరాలు రాసినా నమ్మలేదు.

"మొగాడు అంతగా ఏడ్చి పాడితే అబద్ధమవుతుందా?" అందట.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఊరి హాల్లోనే మా పాట. ఒలీటా బతిమాలి తల్లిని రప్పించింది.

"ఒక్క ముక్క చెప్పు హోయట్. నేను నిన్ను వదిలి పోలేదని మైకులో చెప్పు. మా అమ్మ వింటే చాలు."

"ఇస్త్రీ చేసిపెట్టే పెళ్ళాం ఇంట్లో ఉందంటే నా ఏడుపు ఎవడు కొంటాడే?"

"కొనకపోతే పోనీ. మా అమ్మ ముఖం చూడు."

"సరే, చెబుతాలే. నస పెట్టకు."

పాట మధ్యలో ఆపి టోపీ తీశాడు. మొదటిసారి మనిషిలా ప్రవర్తించబోతున్నాడని సంబరపడ్డాను.

"మా ఒలీటా ఇక్కడే ఉంది," అన్నాడు గొంతు వణికిస్తూ. "తిరిగొచ్చింది. ఏడ్చింది. నేను క్షమించేశాను."

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ముసలామె ముందుకొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నీది దొడ్డ మనసు బాబూ. మా పిల్ల తప్పు కడుపులో పెట్టుకున్నావు. వచ్చే ఆదివారం చర్చికి తలెత్తుకుని వెళతాను."

తల్లి అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. గుమ్మంలోంచి వచ్చిన ఒలీటా ఏదో అనబోయి ఆ నవ్వు చూసి ఆగిపోయింది.

"అవునమ్మా," అంది. "తప్పు నాదే."

నేనేం తక్కువ తినలేదు. వాడు ఆ అబద్ధం చెబుతున్నంత సేపూ వెనక గిటారు మీద ఏడుపు తీసింది నేనే. తియ్యమని ఎవరూ అడగలేదు.