రామవ్వకు రెండు, మాకు ఒకటి

ఎనభైల్లో కరీంనగర్ జిల్లాలో పుట్టిన పిల్లల్లో సగం మందికి కారకుడు కాంపౌండర్ యెషయా. కంగారు పడకండి. సగం కాదు, ఓ పదిహేను మంది. అదీ సూది వేయడం వరకే.

ఆయనకున్న జబ్బు ఒక్కటే, పోల్చడం. ఇద్దరు కనబడితే చాలు, ఎవరి జ్వరం ఎక్కువ, ఎవరి బట్టతల ముందు మొదలైంది, పదిమందిలో తేల్చేసేవాడు. పాస్టరుగారి ప్రార్థనను కూడా పోయిన ఆదివారం ప్రార్థనతో పోల్చి, కొంచెం తగ్గిందన్నాడట.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు, 1988లో, నేనూ మా ప్రమోదినీ పిల్లల కోసం యెషయా పనిచేసే ఆసుపత్రికి వెళ్లాం. ఊళ్లో మాత్రం విత్తనాలకు పోతున్నామని చెప్పాను. అండాలు ఎదగడానికి రోజూ సూది. నేను పేపరు చాటున తల దాచుకుంటే, యెషయా గది మధ్యలో నిలబడి చాటింపు వేశాడు.

"దొర్సానికి ఒక సీస, ఇచ్చోడ రామవ్వకు రెండు."

నేను పేపరు ఇంకాస్త పైకెత్తాను. అంతకంటే సిగ్గుమాలిన పని ఆ వారమే చేశాను. కూలికి పోయే రామవ్వకు రెండు, మా ఆమెకు ఒకటేనా అని రోషపడి, హైదరాబాదు నుంచి ఇంకో సీసా తెప్పించాను. డాక్టరమ్మకు చెప్పకుండా ఇదీ వేయమని యెషయా చేతిలో పెట్టాను.

"పత్తికి యూరియా డబల్ ఏస్తే ఏమైతది దొరా?"

"ఆకు పెరుగుతది, కాయ రాదు."

"గిక్కడ కడుపు ఉబ్బి పానం మీదికొస్తది. ఎవల డోసు వాళ్లదే."

నేను పట్టు వదల్లేదు. ఆయన సీసా జేబులో వేసుకున్నాడు. మరుసటి ఏడు మాకు కూతురు పుట్టింది. రెండో సీసా మహిమేనని మీసం తిప్పాను.

అప్పుడు ప్రమోదిని నవ్వింది. నేను సీసా ఇచ్చిన రోజే రామవ్వ రెండో సీసా హైదరాబాదు నుంచి రాలేదట. ఒక్క రోజు తప్పితే నెల కష్టమంతా మట్టేనని ఆమె ఏడుస్తుంటే, యెషయా ప్రమోదినిని అడిగి నా సీసా ఆమెకు వేశాడట. రామవ్వకు కొడుకు పుట్టాడు. ఆ చాటింపులన్నీ అందుకేనట. ఎవరికి ఎంత కావాలో అందరికీ తెలిస్తే, సీసా మిగిలినవాళ్లు తక్కువైనవాళ్లకు ఇస్తారని.

మళ్లీ పేపరు చాటున తల దాచుకోవాలనిపించింది. చెంపలు వేసుకోవడానికి లక్సెట్టిపేటలో యెషయా ఇంటికి వెళ్లాను. ఆయన మొత్తం విని, నా వైపు జాలిగా చూసి, ఎన్నడూ లేనిది గొంతు తగ్గించాడు.

"గా సీసనా? గది గప్పుడే కింద పడి పలిగింది. నేను ఎవలకు ఏయలే, ఎవల్ని అడగలే. మీరు కథలు మస్తు చెప్తరు దొరా."